1933–1938 నాటి జర్మనీలో యూదులపై సాగిన అణచివేతను చట్టాల వరుసలో చదవడం ఎలా?

నాజీ పాలన గురించి మన పిల్లలు హైస్కూలు సాంఘికశాస్త్రంలోనే చదువుతారు. అయితే పరీక్షకు రాసే జవాబులో 1933లో హిట్లర్ గద్దెనెక్కడం, 1942 నాటి విషవాయు గదులు పక్కపక్క వాక్యాల్లో వచ్చేస్తాయి. ఒక ఆధునిక రాజ్యం తన పౌరుల్లో కొందరిని కాగితాలతో, ముద్రలతో, సర్క్యులర్లతో ఎలా వేరుచేసిందో ఆ జవాబులో కనిపించదు. ఆ ఖాళీని పూరించుకోదలచిన ఉపాధ్యాయులకు, డిగ్రీ విద్యార్థులకు, సొంతంగా చరిత్ర చదువుకునేవారికి ఈ వ్యాసం ఒక పద్ధతిని సూచిస్తుంది. 1933 జనవరి 30 నుంచి 1938 డిసెంబరు దాకా వెలువడిన చట్టాలను, ఉత్తర్వులను తేదీల వరుసలో, ఉపనిబంధనలతో సహా చదవడమే ఆ పద్ధతి.

ఒక నోటు పుస్తకం తీసుకుని పేజీని ఐదు గడులుగా విభజించుకోండి. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో ఆ ఉత్తర్వును జారీ చేసినవారు, మూడో గడిలో అది ఎవరికి వర్తిస్తుంది, నాలుగో గడిలో ఎవరికి వర్తించదు, ఐదో గడిలో ఆ రోజుల్లోనే వీధిలో జరిగినది రాయాలి. చాలామంది మూడో గడితో ఆగిపోతారు. నా మటుకు నాలుగో గడికే విలువ ఎక్కువ అనిపిస్తుంది. యూదులు ముందే ఎందుకు దేశం విడిచి వెళ్ళలేదన్న ప్రశ్నకు సగం సమాధానం ఆ మినహాయింపుల్లోనే ఉంది. ఈ పని చేసేటప్పుడు, తరవాత ఏం జరిగిందో మనకు తెలుసునన్న సంగతిని పక్కన పెట్టాలి. 1933 ఏప్రిల్‌లో బ్రెస్లావ్ న్యాయస్థానం మెట్లెక్కుతున్న వకీలుకు మన పాఠ్యపుస్తకం అందుబాటులో లేదు.

ముందుగా జనం సంగతి

చట్టాల జోలికి వెళ్ళేముందు, అవి ఎవరి మీద పడ్డాయో ఒక పేజీ రాసుకోండి. 1933 జూన్ జనగణన ప్రకారం జర్మనీలో యూదు మతస్థులు సుమారు 5 లక్షల మంది. ఆరున్నర కోట్ల జనాభాలో అది ఒక శాతం కన్నా తక్కువ. వారిలో మూడో వంతు బెర్లిన్‌లోనే ఉండేవారు. దాదాపు ఐదో వంతు మంది విదేశీ పౌరులు, ఎక్కువగా తూర్పు ఐరోపా నుంచి వచ్చినవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం తరఫున సుమారు లక్ష మంది యూదులు పనిచేశారు. వారిలో 12 వేల మంది చనిపోయారు. ఈ చివరి అంకెను గుర్తుంచుకోండి, ఎందుకంటే తొలి చట్టాల్లోని మినహాయింపులు దాని చుట్టూనే తిరిగాయి. జనగణన లెక్కించింది మతాన్ని మాత్రమే కనుక క్రైస్తవం పుచ్చుకున్నవారు, వారి పిల్లలు పై లెక్కలోకి రారు. చట్టం మాత్రం వారినీ వదలలేదు.

1933: వీధి, కార్యాలయం కలిసి నడిచిన వారం

ఫిబ్రవరి 28 నాటి అత్యవసర ఉత్తర్వు పౌరహక్కులను రద్దు చేసింది. మార్చి 23 నాటి చట్టం పార్లమెంటుతో పనిలేకుండా మంత్రివర్గమే చట్టాలు చేసుకునే అధికారం ఇచ్చింది. ఈ రెండింటిలోనూ యూదుల ప్రస్తావన లేదు. అయినా వాటిని మొదటి రెండు వరుసల్లో రాసుకోవాలి, లేకపోతే తరవాతి చట్టాలు అంత తేలిగ్గా, అంత త్వరగా ఎలా వెలువడ్డాయో అర్థం కాదు.

ఏప్రిల్ 1వ తేదీ, శనివారం ఉదయం 10 గంటలకు దేశమంతటా యూదుల దుకాణాల ముందు గోధుమరంగు చొక్కాలు తొడిగే నాజీ పార్టీ దళమైన ఎస్.ఏ. మనుషులు నిలబడ్డారు. వైద్యుల, న్యాయవాదుల కార్యాలయాల ముందు కూడా కాపలా పెట్టారు. ఆ రోజు తీసిన ఫొటోలు చాలా మిగిలాయి. వాటిలో ఒకదాన్ని తీసుకుని అట్టపలక మీద రాతను పరిశీలించండి: బెర్లిన్‌లో కొన్ని పలకల మీద యూదుల దగ్గర కొనవద్దన్న హెచ్చరిక జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంది. సరుకు కొనడానికి వచ్చే బెర్లిన్ గృహిణికి ఇంగ్లీషు ఎందుకు? నాజీల గురించి విదేశీ పత్రికలు రాస్తున్న వార్తలకు ప్రతీకారమే ఈ బహిష్కరణ అని ప్రభుత్వం ప్రచారం చేసుకుంది కనుక, ఆ ఫొటో విదేశాలకు చేరాలన్న ఉద్దేశం ఆ పలకలోనే ఉంది. బహిష్కరణ అధికారికంగా ఒక్క రోజుతో ముగిసింది. జనంలో ఆశించినంత ఉత్సాహం రాలేదని, కొందరు పనిగట్టుకుని ఆ దుకాణాలకే వెళ్ళి కొన్నారని చెప్పుకుంటాం, అది నిజమే. కానీ అక్కడే ఆగితే వారం రోజుల తరవాత వచ్చిన అసలు దెబ్బ కనిపించదు.

ఏప్రిల్ 7న ఉద్యోగవర్గ పునరుద్ధరణ చట్టం వచ్చింది. పేరు చూస్తే పాలనా సంస్కరణ అనుకుంటాం. మూడో సెక్షన్ మొదటి ఉపనిబంధన ఆర్య సంతతికి చెందని అధికారులను పదవీ విరమణ చేయించాలని చెప్తుంది. జర్మనీలో న్యాయమూర్తులు, ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులు, విశ్వవిద్యాలయ ఆచార్యులు కూడా ఉద్యోగవర్గంలోకే వస్తారు కనుక దీని పరిధి చాలా పెద్దది. రెండో ఉపనిబంధన నాలుగో గడికి చెందింది: 1914 ఆగస్టు 1 నాటికే ఉద్యోగంలో ఉన్నవారికి, యుద్ధరంగంలో పోరాడినవారికి, తండ్రినో కొడుకునో యుద్ధంలో పోగొట్టుకున్నవారికి ఇది వర్తించదు. ఈ మినహాయింపు నాజీల దయాగుణం వల్ల వచ్చింది కాదు. మాజీ సైనికుల తరఫున అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ ఏప్రిల్ 4న హిట్లర్‌కు లేఖ రాశాడు. అప్పటికి ఆయన మాట తీసిపారేసే స్థితిలో హిట్లర్ లేడు.

న్యాయవాదుల విషయంలో అదే రోజు మరో చట్టం అవే మినహాయింపులతో వచ్చింది. ఫలితం చూసి ప్రభుత్వమే కంగుతిన్నది: యూదు న్యాయవాదుల్లో దాదాపు 70 శాతం మంది మినహాయింపు కింద వృత్తిలో కొనసాగారు. ఈ అంకెను నోటు పుస్తకంలో గీత గీసి రాసుకోండి. పదిమందిలో ఏడుగురికి బోర్డు తీసే అవసరం రాకపోతే, ఇది కొన్నాళ్ళకు సద్దుమణిగే గాలివాన అని వారు అనుకోవడంలో వింత లేదు.

ఇక్కడ ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన పెట్టి చూడటం ఉపయోగకరం. భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ ఫ్రాంక్ గోటింగెన్‌లో ఆచార్యుడు. యుద్ధంలో పనిచేసినవాడు కనుక ఆయన ఉద్యోగానికి ముప్పు లేదు. అయినా ఆ మినహాయింపు తనకు అక్కరలేదని ఏప్రిల్ 17న బహిరంగంగా రాజీనామా చేసి, తరవాత దేశం విడిచాడు. డ్రెస్డెన్‌లో ఫ్రెంచి సాహిత్యం బోధించే విక్టర్ క్లెంపరర్ కూడా మాజీ సైనికుడే, ప్రొటెస్టెంటు మతం పుచ్చుకున్నవాడు. ఆయన మినహాయింపు నీడన 1935 దాకా పాఠాలు చెప్తూ, రోజువారీ దినచర్య రాస్తూ ఉండిపోయాడు. ఒకరిని వీరుడని, మరొకరిని అమాయకుడని తేల్చేయకండి. నోబెల్ గ్రహీతకు విదేశాల్లో చోటు దొరుకుతుంది. యాభయ్యో పడిలో ఉన్న సాహిత్య ఆచార్యుడిని ఏ దేశం పిలుస్తుంది?

ఏప్రిల్ నెలలోనే మరో రెండు ఉత్తర్వులు చేర్చుకోవాలి: 22న ఆరోగ్య బీమా వైద్యుల జాబితా నుంచి యూదులను తొలగించడం, 25న కళాశాలల్లో, బడుల్లో కొత్త ప్రవేశాలకు 1.5 శాతం పరిమితి. వాటిలోనూ సైనికులకు, సైనికుల పిల్లలకు మినహాయింపులున్నాయి.

రెండో గడిని అశ్రద్ధ చేయవద్దు. అన్నీ బెర్లిన్ నుంచే వచ్చాయనుకోవడం సామాన్యంగా జరిగే పొరపాటు. కొలోన్ నగరపాలక సంస్థ తన క్రీడామైదానాల్లోకి యూదులను రానివ్వకూడదని 1933 మార్చిలోనే, అంటే ఏ కేంద్ర చట్టమూ రాకముందే నిర్ణయించింది. వృత్తి సంఘాలు, వ్యాయామ క్లబ్బులు ఎవరూ అడగకుండానే తమ సభ్యుల జాబితాలు దిద్దుకున్నాయి. జారీ చేసినవారి పేరు ప్రతిసారీ రాస్తూ పోతే, పైనుంచి వచ్చిన ఆజ్ఞలెన్ని, కింద నుంచి పుట్టిన ఉత్సాహమెంత అనేది మీ పుస్తకమే చెప్తుంది.

నిర్వచనాన్ని చేత్తో గీసి చూడండి

ఎవరు యూదుడు అన్న ప్రశ్నకు ప్రభుత్వం రెండేళ్ళలో రెండు రకాల జవాబులిచ్చింది. 1933 ఏప్రిల్ 11 నాటి నిబంధన ప్రకారం అమ్మమ్మ, నానమ్మ, ఇద్దరు తాతలు, ఈ నలుగురిలో ఒక్కరు యూదులైనా ఆ మనిషి ఆర్యుడు కాడు. 1935 సెప్టెంబరు 15న న్యూరెంబర్గ్‌లో రెండు చట్టాలు చేశారు: ఒకటి యూదులకు పూర్తి పౌరసత్వం లేకుండా చేసింది, రెండోది యూదులకు, ఇతర జర్మన్లకు మధ్య పెళ్ళిళ్ళను, వివాహేతర సంబంధాలను నేరం చేసి, యూదుల ఇళ్ళలో 45 ఏళ్ళ లోపు జర్మన్ స్త్రీలు పనిచేయరాదని ఆంక్ష పెట్టింది. ఆశ్చర్యమేమిటంటే ఆ రోజు చదివిన చట్టాల్లో యూదుడంటే ఎవరో నిర్వచనమే లేదు. అది రెండు నెలల తరవాత, నవంబరు 14 నాటి అనుబంధ ఉత్తర్వులో వచ్చింది. ఆ నలుగురు తాతానానమ్మల్లో ముగ్గురు గానీ నలుగురూ గానీ యూదులైతే మనిషి యూదుడే. ఇద్దరైతే, యూదు మతసంఘంలో సభ్యుడై ఉన్నా, యూదులను పెళ్ళాడి ఉన్నా యూదుడు. కాకపోతే మిశ్రమ సంతతి.

దీన్ని చదివి వదిలేయక ఒక ఊహా కుటుంబాన్ని గీయండి. తల్లివైపు ఇద్దరూ యూదులు, తండ్రివైపు ఇద్దరూ లూథరన్లు. అక్క, తమ్ముడు ఇద్దరూ చిన్నప్పుడే బాప్తిస్మం తీసుకున్నారు. అక్క యూదు వైద్యుడిని పెళ్ళాడింది, తమ్ముడికి పెళ్ళి కాలేదు. 1933 నిబంధన కింద ఇద్దరూ ఒకటే. 1935 ఉత్తర్వు కింద అక్క యూదురాలు, తమ్ముడు మిశ్రమ సంతతి. ఒకే అమ్మానాన్నల బిడ్డలు, ఒకే రక్తం. అయినా జాతులు వేరు! రక్తం పేరుతో చేసిన చట్టానికి రక్తాన్ని గుర్తించే మార్గమేదీ లేదు కాబట్టే తాతముత్తాతల మత రిజిస్టర్లను ఆశ్రయించింది: యూదు మతసంఘంలో పేరున్న తాత యూదుడు, అంతే. ఆ ఏళ్ళలో ఉద్యోగం కావాలన్న ప్రతి జర్మనూ తన పూర్వీకుల బాప్తిస్మ పత్రాల కోసం చర్చి కార్యాలయాల చుట్టూ తిరిగాడు, కాబట్టి ఈ వర్గీకరణ తమకు తెలియదని చెప్పగలిగినవారు తక్కువ.

తరగతి గదిలో ఈ అభ్యాసం చేయించే ఉపాధ్యాయులకు ఒక జాగ్రత్త చెప్పాలి. చెట్టును ఊహా కుటుంబానికే గీయించండి, పిల్లల సొంత ఇంటి వివరాలు అడగకండి. మన ఊళ్ళలో తాత వివరాలు అడిగితే కులం బయటపడుతుంది, ఆ పిల్లవాడు పదిమందిలో చిన్నబోతాడు. సగం మందిని నాజీలుగా, సగం మందిని యూదులుగా నిలబెట్టే నాటకాలూ వద్దు. అవి బాధను ఆటగా మారుస్తాయి, చరిత్రను మాత్రం నేర్పవు.

ఈ ఉత్తర్వుతో పాటే నాలుగో గడిలో మొదటి పెద్ద కొట్టివేత పడుతుంది: 1914 నుంచి ఉన్నవారూ, యుద్ధంలో పోరాడినవారూ అయిన యూదు అధికారులంతా 1935 డిసెంబరు 31కల్లా దిగిపోవాలి. వారిని కాపాడిన హిండెన్‌బర్గ్ 1934 ఆగస్టులోనే చనిపోయాడు. న్యాయవాదుల మినహాయింపు మాత్రం ఇంకా మిగిలే ఉంది. అందుకే వృత్తికొక వరుస వేసుకోమంటున్నాను.

నిశ్శబ్దంగా కనిపించే 1936, 1937

ఈ రెండేళ్ళకు పెద్ద చట్టాలు తక్కువ కనుక పేజీ దాటేయాలనిపిస్తుంది. మన హాకీ జట్టు ఫైనల్లో జర్మనీని 8–1 తేడాతో ఓడించిన బెర్లిన్ ఒలింపిక్స్ 1936 ఆగస్టులోనే జరిగాయి. ఆ కొద్దివారాలు ఊరి పొలిమేరల్లోని యూదు వ్యతిరేక బోర్డులు తీసేశారు, విదేశీ అతిథులు మెచ్చుకుని వెళ్ళారు. హైజంప్‌లో జర్మన్ జాతీయ రికార్డుతో సమానంగా 1.60 మీటర్లు దూకిన గ్రెటెల్ బెర్గ్‌మన్‌ను యూదురాలన్న కారణంతో జట్టులోంచి తప్పించారు. ఐదో గడిలో రాయవలసినవి ఇలాంటివే.

చట్టం లేకుండానే బతుకుతెరువు పోవడం ఈ రెండేళ్ళ అసలు కథ. కొనుగోలుదారులు తగ్గి, బ్యాంకులు అప్పులు ఆపి, సరుకు ఇచ్చేవారు వెనుదీసి, చివరికి యజమాని తన దుకాణాన్ని వచ్చిన ధరకు అమ్ముకునేవాడు. కొన్న పొరుగువాడి సంతకం ఆ దస్తావేజు మీద ఉంటుంది.

వలస లెక్కలు కూడా ఇక్కడే వేసుకోండి. 1933లో సుమారు 37 వేల మంది వెళ్ళారు. ఆ తరవాతి నాలుగేళ్ళలో ఏటా 20 నుంచి 25 వేల మంది. ఎందుకు తగ్గింది? మినహాయింపులు ఇచ్చిన ఆశ ఒక కారణం, డబ్బు రెండో కారణం. దేశం విడిచేవారిపై విధించే పన్ను నాజీల సృష్టి కాదు, 1931 డిసెంబరులో బ్రూనింగ్ ప్రభుత్వం ధనం బయటికి పోకుండా తెచ్చింది. 2 లక్షల మార్కులకు మించిన ఆస్తిపై నాలుగో వంతు కట్టాలి. నాజీలు 1934 మేలో ఆ హద్దును 50 వేలకు దించారు. దాంతో మధ్యతరగతి కుటుంబం కూడా వలలో పడింది. మిగిలిన సొమ్మును బ్యాంకులో స్తంభింపజేసి, విదేశీ ద్రవ్యంగా మార్చేటప్పుడు కోత పెట్టేవారు. ఆ కోత పెరిగి పెరిగి 1939 నాటికి చేతికొచ్చేది నూటికి నాలుగు వంతులే. వెళ్ళమని తరిమే రాజ్యమే వెళ్ళడానికి కావలసిన డబ్బును లాక్కుంది. బీదవాడిని ఏ దేశమూ రానివ్వదు: 1938 జూలైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో శరణార్థుల సమస్యపై 32 దేశాల ప్రతినిధులు సమావేశమై సానుభూతి తెలిపి లేచిపోయారు.

1938ని విడదీయకుండా చదవండి

యూదులపై దేశవ్యాప్తంగా దాడులు జరిగిన నవంబరు 9 రాత్రి ఒక్కదాన్నే విడిగా చదివితే అది హఠాత్తుగా రేగిన మూకల ఆవేశంలా కనిపిస్తుంది. ఆ ఏడాది వరుసలన్నీ ఒకే పేజీలో రాస్తే ఆ భ్రమ తొలగుతుంది. ఏప్రిల్ 26న 5 వేల మార్కులకు మించిన ఆస్తిని యూదులు నమోదు చేయాలన్నారు. జూలైలో యూదు వైద్యుల లైసెన్సులు సెప్టెంబరు 30తో రద్దవుతాయని ప్రకటించారు. మూడు వేల పైచిలుకు వైద్యుల్లో సుమారు 700 మందికి యూదు రోగులను మాత్రమే చూసే అనుమతి, అదీ డాక్టరు అన్న పేరు లేకుండా. ఆగస్టు 17న, అనుమతించిన పేర్ల జాబితాలో లేనివారంతా జనవరి నుంచి మగవారైతే ఇజ్రాయెల్, ఆడవారైతే సారా అన్న అదనపు పేరు పెట్టుకోవాలన్నారు. సెప్టెంబరు 27న న్యాయవాదుల చివరి మినహాయింపు పోయింది. అక్టోబరు 5 నుంచి పాస్‌పోర్టు మీద ఎర్రని జె అక్షరం. అక్టోబరు చివర సుమారు 17 వేల మంది పోలిష్ యూదులను సరిహద్దుకు తరలించి వదిలేశారు. వారిలో ఒక కుటుంబానికి చెందిన 17 ఏళ్ళ హెర్షెల్ గ్రిన్‌ష్పాన్ పారిస్‌లో నవంబరు 7న జర్మన్ దౌత్యాధికారిని కాల్చాడు. ఆ అధికారి 9న మరణించాడు. ఆ రాత్రీ మరునాడూ దేశమంతటా, అప్పటికే విలీనమైన ఆస్ట్రియాలోనూ వెయ్యికి పైగా ప్రార్థనామందిరాలను తగలబెట్టారు లేదా ధ్వంసం చేశారు. సుమారు 30 వేల మంది మగవారిని డాకౌ, బూఖెన్‌వాల్డ్, జాక్సెన్‌హౌజెన్ శిబిరాలకు పంపారు.

మృతులు 91 మంది అని చాలాచోట్ల చదువుతారు. అది నాజీల సొంత లెక్క. ఆత్మహత్యలు, శిబిరాల్లో తరవాత పోయిన ప్రాణాలు అందులో లేవు. ఇలాంటి అంకె రాసినప్పుడల్లా పక్కన ఎవరి లెక్కో రాయడం అలవాటు చేసుకోండి.

నవంబరు 12న నాజీ మంత్రి గోరింగ్ అధ్యక్షతన జరిగిన సమావేశం తరవాత బాధితుల మీదే 100 కోట్ల మార్కుల జరిమానా వేశారు, బీమా సొమ్మును ప్రభుత్వం తీసుకుంది, పగిలిన అద్దాల మరమ్మతు ఖర్చు యజమానులే భరించాలన్నారు. జరిమానాను ఎవరెంత కట్టాలో ఎలా లెక్కించారు? ఏప్రిల్‌లో వారే నింపి ఇచ్చిన ఆస్తి పత్రాల ఆధారంగా. ఈ రెండు వరుసలను బాణం గీతతో కలపండి. ఈ నోటు పుస్తకం వేసిన ఫలితం అక్కడ చేతికొస్తుంది.

నాలుగో గడి ఇక ఖాళీ అనుకుంటాం గానీ పూర్తిగా కాలేదు. 1938 డిసెంబరులో మిశ్రమ వివాహాల్లో కొన్నిటికి ప్రత్యేక హోదా ఇచ్చారు. క్లెంపరర్ దంపతులకు పిల్లలు లేనందున ఆ హోదా దక్కలేదు; అయినా భార్య ఎవా యూదురాలు కాకపోవడమే ఆయనను 1945 దాకా బతికించింది.

ఎక్కడ చదవాలి

చట్టాల మూలపాఠం జర్మన్ రాజపత్రంలో ఉంది. ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయం దాని పాత సంచికలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. జర్మన్ రాకపోయినా తేదీతో వెతికి, యంత్రానువాదంతో చదివి, ఇంగ్లీషు అనువాదాలతో సరిచూసుకోవచ్చు. సంతకాలు చూడటానికైతే అనువాదమే అక్కరలేదు. ప్రభుత్వ కాగితం ఎప్పుడూ తన భాషలోనే మాట్లాడుతుంది కనుక దానికి ఎదురుగా మరో గొంతు ఉండాలి. ఆనాటి జర్మన్ యూదు పత్రికలను ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం డిజిటల్ రూపంలో అందిస్తోంది. 1933లోనే దేశం విడిచిన ఆల్‌ఫ్రెడ్ వీనర్, నవంబరు దాడుల తరవాత కొద్ది నెలల్లోనే మూడు వందలకు పైగా ప్రత్యక్ష సాక్ష్యాలను సేకరించాడు. అవి నేడు లండన్‌లో ఆయన పేరిట ఉన్న గ్రంథాలయంలో ఉన్నాయి. ఒక వ్యక్తి జాడ తెలుసుకోవాలంటే జర్మన్ కేంద్ర ప్రభుత్వ దస్తావేజుశాల నిర్వహించే స్మారక గ్రంథంలో పుట్టిన ఊరు, తేదీ, నివాసం, తరలింపు వివరాలు దొరుకుతాయి. ఫొటో వాడేటప్పుడు అది తీసినది నాజీ ప్రచార శాఖా, వార్తా సంస్థా, దారిన పోయేవాడా అన్నది చిత్రం కిందే రాయండి.

ఈ పద్ధతిని 1938 తరవాతికి ఎంత లాగినా 1939 మే 17 జనగణన దగ్గర ఆగాలి. ఆ రోజు ప్రతి ఇంటివారూ నలుగురు తాతానానమ్మల వివరాలు వేరే కార్డు మీద నింపి, కవరులో పెట్టి ఇచ్చారు. యుద్ధం మొదలయ్యాక ఉత్తర్వులు రహస్యమవుతాయి, చాలా వాటికి రాజపత్రంలో చోటుండదు, 1941 అక్టోబరులో వలసను పూర్తిగా నిషేధిస్తారు. ఆ కాలాన్ని చదవడానికి రైళ్ళ పట్టికలు, శిబిరాల రికార్డులు, బతికి బయటపడినవారి సాక్ష్యాలు కావాలి. ఈ ఐదు గడుల పుస్తకం దానికి సరిపోదు.